వైకల్యం, వివాహం: దాచవద్దు, దూరం పెట్టవద్దు





మాకు వచ్చే ఉత్తరాలలో నమాజు, రోజా, జకాత్‌ల గురించిన ప్రశ్నలే ఎక్కువ. కాని ఇటీవల ఒకదాని వెనుక ఒకటిగా వచ్చిన రెండు ఉత్తరాలు మమ్మల్ని చాలా రోజులు ఆలోచనలో పడవేశాయి.

మొదటిది ఒక సోదరి రాసింది. ఆమె వయస్సు ముప్పై నాలుగేళ్లు. పసితనంలో పోలియో సోకి ఎడమ కాలు చచ్చుబడింది. చేతికర్ర సాయంతో నడుస్తుంది. ఇంట్లోనే బట్టలు కుట్టి సంపాదిస్తుంది. ఇద్దరు చెల్లెళ్ల నికాహ్‌లు అయిపోయాయి. ఆ ఖర్చులో ఆమె కుట్టుమిషన్ సంపాదన కూడా ఉంది. కాని రిష్తా వాళ్లు వచ్చిన ప్రతిసారీ అమ్మీ ఆమెను పక్కింటికి పంపేసేది. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: నికాహ్ సున్నత్ అని అందరికీ చెబుతారు కదా, అది నాకు వర్తించదా?

రెండవది ఒక యువకుడు రాసింది. నికాహ్ అయిన మూడవ రోజున తన భార్య చెవి మిషన్ పెట్టుకుంటుందని అతనికి తెలిసింది. పెళ్లిచూపుల రోజున ఆమె పెద్దలు దాన్ని దుపట్టా కింద దాచి కూర్చోబెట్టారు. ఇప్పుడు అతని ఇంట్లో తలాఖ్ మాట వినిపిస్తోంది. తనకు భార్యపై కోపం లేదని, మోసంపైనే కోపమని, ఏం చేయాలో తోచడం లేదని అతను రాశాడు.

ఒక ఇంట్లో మనిషిని దాచారు. మరో ఇంట్లో లోపాన్ని దాచారు. చూడటానికి ఇవి వేర్వేరు సమస్యలు. కాని రెండింటికీ మూలం ఒక్కటే. అల్లాహ్ ఇచ్చిన దేహాన్ని చూసి సిగ్గుపడటం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. వారిలో మన ఇళ్లలోని వారూ ఉన్నారు. కనుక ఈ విషయంలో షరీఅత్ ఏం చెబుతున్నదో ఈ నెల పాఠంలో తెలుసుకుందాం.

దైవప్రవక్త (స) కాలంలో

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. ఆయన ఒకనాడు ధర్మం నేర్చుకోవడానికి దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. ఆ సమయంలో ప్రవక్త (స) ఖురైషు నాయకులతో మాట్లాడుతూ ఉన్నందున ఆయన వైపు ధ్యాస పెట్టలేకపోయారు. దానిపై అల్లాహ్ 'అబస' సూరాను అవతరింపజేశాడు. ప్రళయదినం వరకు చదవబడే గ్రంథంలో ఒక అంధుని గౌరవం ఇలా నమోదయింది. తరువాత మదీనాలో ఆయన హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ముఅజ్జిన్‌గా ఉన్నారు. ప్రవక్త (స) మదీనా విడిచి వెళ్లినప్పుడు పలుమార్లు ఆయననే తమ స్థానంలో నియమించి వెళ్లారు.

హజ్రత్ అమ్ర్ బిన్ జమూహ్ (రజి) తీవ్రంగా కుంటేవారు. ఆయన ఇల్లు చూడండి. భార్య హింద్ (రజి), యుద్ధంలో పాల్గొనే వయస్సు వచ్చిన నలుగురు కొడుకులు. ఉహుద్ యుద్ధ సమయంలో కొడుకులు ప్రేమతోనే తండ్రిని ఆపబోయారు. అల్లాహ్ మీకు మినహాయింపు ఇచ్చాడు, మీరు రానక్కరలేదు అన్నారు. ఆయన ప్రవక్త (స) వద్దకు వెళ్లి మొరపెట్టుకున్నారు. మీపై ఈ బాధ్యత లేదని ప్రవక్త (స) ఆయనతో చెప్పారు. కాని కొడుకులతో ఆయనను ఆపవద్దన్నారు. ఆయన వెళ్లి షహీద్ అయ్యారు. ఇందులో మన ఇళ్లకు పెద్ద గుణపాఠం ఉంది. జాలితోనే అయినా సరే, వికలాంగుని తరఫున నిర్ణయం మనమే తీసేసుకోరాదు.

సూరా అన్నూర్ 61వ ఆయతులో అంధుని మీద గాని, కుంటివాని మీద గాని, రోగి మీద గాని దోషం లేదని, అందరూ కలిసి భుజించవచ్చని అల్లాహ్ తెలియజేశాడు. ఆ రోజుల్లో కొందరు వీరితో కలిసి భోజనానికి కూర్చోవడానికి వెనుకాడేవారని, మరికొన్ని చోట్ల వీరే బిడియపడి దూరంగా ఉండేవారని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. దస్తర్‌ఖాన్ దగ్గరే వేరు చేయవద్దన్న ధర్మం, జీవిత భాగస్వామ్యం దగ్గర వేరు చేయమంటుందా?

నికాహ్ వారికీ హక్కే

అదే సూరా 32వ ఆయతులో, మీలో జంట లేని వారికి నికాహ్ చేయండని ఆదేశం ఉంది. ఈ ఆదేశం పెద్దలకు, సమాజానికి. అందులో కాళ్లున్నవారికి, కళ్లున్నవారికి అనే షరతు లేదు. భార్యాభర్తల మధ్య ప్రశాంతత, ప్రేమ, కారుణ్యం ఉంచానని సూరా అర్రూమ్ 21లో అల్లాహ్ తెలిపాడు. ఆ ప్రశాంతత అవసరం చక్రాల కుర్చీలో ఉన్న మనిషికీ ఉంటుంది. ఆకలి, దాహం ఉన్నట్లే దేహవాంఛ, తోడు కావాలన్న కోరిక కూడా ఉంటాయి. వాటిని అల్లాహ్ పెట్టాడు. నోరు తెరిచి అడగనంత మాత్రాన అవి లేవనుకోవడం మన పొరపాటు.

హజ్రత్ జులైబీబ్ (రజి) అంగవైకల్యం గలవారు కారు గాని, పొట్టిగా, చూపులకు ఆనని రూపంతో ఉండేవారు. ఆయన కోసం ప్రవక్త (స) స్వయంగా ఒక అన్సారీ కుటుంబంలో అమ్మాయిని అడిగారు. తల్లిదండ్రులు వెనుకాడారు. తెర వెనుక నుండి విన్న ఆ అమ్మాయే, దైవప్రవక్త (స) మాటను కాదంటారా అని చెప్పి సమ్మతించింది. రూపం చూసి జనం పక్కన పెట్టిన మనిషికి పెళ్లి కుదర్చడం ప్రవక్త (స) తమ పనిగా భావించారు. నేడు మన మొహల్లా పెద్దలలో ఎందరు దీన్ని తమ పనిగా భావిస్తున్నారు?

మన సమాజంలో జరిగేది వేరు. కాలు బాగా లేని అమ్మాయికి జహేజ్ రెట్టింపు అడుగుతారు. అవిటితనానికి వెల కట్టి వసూలు చేయడం ఇది. 1961 నాటి చట్టం ప్రకారం వరకట్నం నేరం. షరీఅత్ ప్రకారం ఇవ్వవలసినవాడు వరుడు, అది మహర్. వధువుకు వైకల్యం ఉందన్న నెపంతో ఆమె మహర్ ఎగ్గొట్టే హక్కు ఎవరికీ లేదు. ఇక వికలాంగుడైన కొడుకు కోసం కొందరు కావాలని నిరుపేద ఇంటి అనాథ పిల్లను వెదుకుతారు. కోడలిని కాదు, జీతం లేని ఆయాను వెదుకుతున్నారు. భర్తకు ప్రేమతో చేసే సేవకు అల్లాహ్ వద్ద గొప్ప పుణ్యం ఉంది. కాని విషయం చెప్పకుండా తెచ్చి, ఆ సేవను నెత్తిన పెట్టడం జుల్మ్ అవుతుంది.

దాచడం మోసమే

బజారులో ధాన్యపు రాశిలో ప్రవక్త (స) చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని అడిగి, మోసం చేసేవాడు మావాడు కాడని హెచ్చరించారు. గింజల విషయంలోనే ఇంత హెచ్చరిక ఉంటే, జీవితకాలపు ఒప్పందం విషయంలో ఎంత ఉండాలి! నికాహ్‌ను దివ్య ఖుర్ఆన్ దృఢమైన ప్రమాణం అని పేర్కొన్నది (సూరా అన్నిసా, 21).

హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు, ప్రవక్త (స) ఒకరి పేదరికాన్ని, మరొకరి కఠిన స్వభావాన్ని దాచకుండా చెప్పారు. సంబంధం విషయంలో అడిగినప్పుడు ఉన్నమాట చెప్పడం చాడీ కాదని ధార్మిక పండితులు దీని నుండే గ్రహించారు. సంతానం కలగదని తెలిసిన ఒక వ్యక్తి పెళ్లి చేసుకున్నప్పుడు, ఆ సంగతి ఆమెకు చెప్పావా అని హజ్రత్ ఉమర్ (రజి) అడిగారు. లేదన్నాడు. అయితే వెళ్లి చెప్పు, ఉండాలో లేదో ఆమెనే నిర్ణయించుకోనివ్వు అని ఆదేశించారు. తీవ్ర వ్యాధిని దాచి పెళ్లి చేసిన సందర్భంలో మహర్ పూర్తిగా వధువుకే చెందుతుందని, ఆ నష్టం మోసం చేసిన ఆమె వలీ భరించాలని ఆయన తీర్పు చెప్పినట్లు ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఉంది. శిక్ష ఎవరి మీద పడిందో గమనించండి. అమ్మాయి మీద కాదు, దాచిన పెద్దల మీద.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. అల్లాహ్ కప్పి ఉంచిన పాత పాపాలను బయటపెట్టుకోమని షరీఅత్ చెప్పదు. కాని దాంపత్య జీవితాన్ని తాకే లోపం, వ్యాధి, వాడుతున్న మందులు ఎదుటివారి హక్కుకు సంబంధించినవి. వాటిని సంబంధం ఖాయం కాకముందే, నమ్మకస్థుని ద్వారానో స్వయంగానో స్పష్టంగా చెప్పాలి. కొంచెం కాలు నొప్పి అని గొణగడం చెప్పడం కాదు. ఎంత దూరం నడవగలరు, ఏ పనులు సొంతంగా చేసుకోగలరు, దేనికి సాయం కావాలి, వైద్యులు ఏమన్నారు అన్నది చెప్పాలి. ఏం చేయగలరో కూడా చెప్పాలి. అది చెప్పడమే మనవాళ్లు మరచిపోతారు.

వైద్య విషయాలలో అపోహలు కూడా చాలా ఉన్నాయి. పోలియో వైరస్ వల్ల వచ్చే వ్యాధి, వంశపారంపర్యం కాదు. అది కండరాలను కదిలించే నరాలను దెబ్బతీస్తుంది గాని స్పర్శజ్ఞానాన్ని, దాంపత్య శక్తిని, సంతాన యోగ్యతను సాధారణంగా తగ్గించదు. పుట్టుకతో వచ్చే చెవుడులో కొన్ని రకాలు మాత్రం వంశపారంపర్యమే. దగ్గరి చుట్టరికాలలో పెళ్లిళ్లు చేసుకుంటే ఆ అవకాశం పెరుగుతుంది. ముందుగా వైద్యుని సలహా తీసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయమన్నదే ప్రవక్త (స) బోధ.

అంగీకారం ఎవరిది?

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక బధిర యువకుని నికాహ్ జరిపించడానికి వెళ్లాం. ఈజాబ్ పలికి, ఖుబూల్ కోసం అతని అన్న వైపు తిరిగాం. అన్నగారు నోరు తెరిచేలోగా వరుడు మా భుజం తట్టాడు. జేబులోంచి కలం తీసి, పెళ్లి కార్డు వెనుక తెలుగులో "నన్ను అడగండి" అని రాసి చూపాడు. మాకు తల ఎత్తుకోలేనంత సిగ్గు వేసింది. చదువుకున్న ఫిఖ్‌హ్ అప్పుడు గుర్తుకు వచ్చింది. మాట్లాడలేనివారి నికాహ్, అందరికీ అర్థమయ్యే సైగతోనైనా, రాతతోనైనా చెల్లుతుందని మన ఫుఖహాలు ఎప్పుడో రాసి పెట్టారు. అతను తానుగా అన్నను వకీలుగా నియమిస్తే అది వేరు సంగతి. కాని అతన్ని ఎవరూ అడగనే లేదు. అతనికి సైగల భాష నేర్పిన ఉపాధ్యాయుణ్ణి పక్కన నిలబెట్టి, సాక్షులకు అర్థమయ్యేలా మళ్లీ ఈజాబ్ ఖుబూల్ జరిపించాం.

హజ్రత్ ఖన్సా బిన్తె ఖిజామ్ (రజి)కు ఆమె తండ్రి ఇష్టం లేని పెళ్లి చేస్తే ప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. ఈ సంబంధం కూడా పోతే మళ్లీ దొరకదని బెదిరించి, ముసలివానికో, రెండో భార్యగానో వికలాంగురాలైన కూతుర్ని కట్టబెట్టే తల్లిదండ్రులు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. దిక్కులేక తలవంచడం సమ్మతి కాదు.

నికాహ్‌కు ముందు చూసుకోమని హజ్రత్ ముగీరా (రజి)కు ప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఇద్దరి మధ్య అన్యోన్యత పెరగడానికి అది తోడ్పడుతుందన్నారు. మరి అంధుని సంగతేమిటి? చూపు వెనుక ఉన్న ఉద్దేశం తెలుసుకోవడమే. మహ్రమ్ సమక్షంలో మాట్లాడుకోవడం ద్వారా, తన ఇంటి స్త్రీలను అడగడం ద్వారా అతను ఆ ప్రయోజనాన్ని పొందవచ్చు.

బుద్ధిమాంద్యం, మతిస్థిమితం లేనివారి విషయం మరింత సున్నితం. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందనే మాట మన ఊళ్లలో తరచూ వింటాం. నికాహ్ మందు కాదు. వలీకి ఉన్న అధికారం ఆ బిడ్డ మేలు కోసమే గాని బరువు దించుకోవడానికి కాదు. నికాహ్ అంటే ఏమిటో ఆ బిడ్డకు ఎంతవరకు అర్థమవుతుంది, దాంపత్యం భారమవుతుందా ఊరట అవుతుందా అని వైద్యునితోను, పండితునితోను సంప్రదించాలి. అవతలివారికి అంతా తెలిపి, వారు మనస్ఫూర్తిగా ఒప్పుకున్న తరువాతే ముందుకు వెళ్లాలి.

దంపతుల ఏకాంతం

ఈ మాట మాట్లాడటానికి చాలామంది జంకుతారు. కాని ధర్మం నేర్చుకోవడంలో సిగ్గు అడ్డురానందుకే అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు.

భార్యాభర్తలు ఒకరికొకరు దుస్తుల వంటివారని సూరా అల్ బఖరా 187లో ఉంది. దుస్తులు కప్పుతాయి, దేహానికి తగినట్లు ఒదుగుతాయి. దాంపత్య సుఖానికి షరీఅత్ ఒకే పద్ధతిని విధించలేదు. బహిష్టు సమయంలో సంభోగం, మలమార్గం నిషిద్ధం. ఈ హద్దులలో తమ శరీరాలకు ఏది అనుకూలమో దంపతులే మాట్లాడుకొని ఎంచుకోవచ్చు. వెన్నుపూస దెబ్బతిన్నవారికి, కాళ్లు కదలనివారికి ఈ వెసులుబాటు గొప్ప అనుగ్రహం. ఇబ్బంది ఉంటే వైద్యుని సంప్రదించాలి. చాలా సమస్యలకు చికిత్స ఉంది. గుసుల్ చేసుకోలేనివారికి భార్య లేదా భర్త సాయపడవచ్చు. నీరు హాని చేస్తుందనుకుంటే తయమ్ముమ్ ఉంది. మూత్రం ఆగకుండా కారే వ్యాధి ఉన్నవారు హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. ఇలాంటి కారణాలతో తాము నికాహ్‌కు పనికిరామని ఎవరూ నిరాశ పడనక్కరలేదు.

భర్తలో అసలు దాంపత్య సామర్థ్యమే లేదని తేలితే భార్యకు షరీఅత్ దారి చూపింది. హజ్రత్ ఉమర్ (రజి) తీర్పును అనుసరించి చికిత్సకు ఏడాది గడువు ఇచ్చి, అప్పటికీ ఫలితం లేకపోతే ఆమె కోరికపై ఖాజీ విడదీస్తాడు. మన దేశంలోని 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలోనూ ఈ ఏడాది గడువు ఉంది. అదే చట్టంలో కుష్టు వ్యాధి కూడా ఒక కారణంగా ఉండేది. దానికి పూర్తి చికిత్స ఉన్నందున 2019లో ఆ మాటను తొలగించారు.

మరో విషయం. సాయం కావలసిన మనిషి గదిలోకి ఇంట్లోవాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు తలుపు తోసుకొని వస్తుంటారు. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తర్వాత, ఈ మూడు వేళలలో ఇంటి సేవకులు, పసిపిల్లలు కూడా అనుమతి అడిగే రావాలని సూరా అన్నూర్ 58 ఆదేశిస్తోంది. సేవ చేసే తల్లికైనా, తమ్ముడికైనా ఈ మర్యాద వర్తిస్తుంది. కొత్త దంపతులకు గడియ ఉన్న గది ఇవ్వండి.

నికాహ్ తరువాత ప్రమాదంలోనో, పక్షవాతంతోనో భాగస్వామి మంచాన పడితే? హజ్రత్ అయ్యూబ్ (అ) దీర్ఘకాలం వ్యాధితో ఉన్నప్పుడు ఆయన భార్య వెన్నంటి నిలిచారని వ్యాఖ్యాతలు తెలిపారు. ఈ గాథను భార్యలకే చెప్పి ఊరుకుంటాం. భర్తలకూ చెప్పాలి. భార్యలతో ఉత్తమంగా కాపురం చేయమన్న ఆదేశం (సూరా అన్నిసా, 19) ఆమె ఆరోగ్యంగా ఉన్న రోజులకే పరిమితం కాదు.

ఇంట్లో మౌనం, ఫోనులో స్నేహం

పెళ్లి మాట ఎత్తని ఇళ్లలో యువత ఏం చేస్తున్నది? రాత్రిళ్లు ఫోనులో అపరిచితులతో మాట్లాడుతున్నది. ఇంట్లో ఎవరూ పలకరించని మనిషిని ఎవరో ప్రేమగా పలకరిస్తే గుండె అటే మొగ్గుతుంది. నికాహ్ లేని సంబంధం హరామ్. అందులో సందేహం లేదు. పైగా వికలాంగుల ఒంటరితనాన్ని పసిగట్టి డబ్బు గుంజేవారు, ఫొటోలతో బెదిరించేవారు ఉన్నారు. అలా మోసపోయిన బిడ్డను తిట్టి గదిలో పెట్టకండి. ముందు అక్కున చేర్చుకోండి, అవసరమైతే పోలీసు సాయం తీసుకోండి. తన దేహంలో ఏ భాగాన్ని ఎవరు తాకరాదో బుద్ధిమాంద్యం గల పిల్లలకు కూడా తల్లి ఓపికగా నేర్పాలి. తగిన సంబంధం దొరికే వరకు శీలాన్ని కాపాడుకోమని సూరా అన్నూర్ 33 యువతకు చెబుతోంది. కాని అంతకు ముందరి ఆయతు పెద్దలకు చెప్పినది మరచి, తరువాతి ఆయతును మాత్రం పిల్లలకు వినిపించడం న్యాయం కాదు.

ఆ ఇద్దరికీ మా సమాధానం

యువ సోదరా! మీకు జరిగింది మోసమే. దాన్ని మోసం కాదని మేము అనము. ఆమె పెద్దలు మీకు క్షమాపణ చెప్పుకోవాలి. అయితే వినికిడి లోపం కారణంగా నికాహ్ దానంతట అది రద్దు కాదు. ఒకవేళ విడిపోయినా, కాపురం మొదలైంది గనుక మహర్ పూర్తిగా ఆమెదే. మీరు రాసిన నాలుగు పేజీలలో మీ భార్య మాట ఒక్కటీ లేదు. దుపట్టా సర్దిన చేయి ఎవరిది? ఆ రోజు ఆమెను నోరు తెరవనిచ్చారా? ముందు ఆమెను అడగండి. ఎదురుగా కూర్చొని, పెదవులు కనిపించేలా, నిదానంగా మాట్లాడండి. ఆ తరువాత ఇస్తిఖారా చేసి, మీ ఊరి ముఫ్తీ గారిని ఇద్దరూ కలిసి సంప్రదించండి. తొందరపడి తలాఖ్ మాట మాత్రం నోటికి రానివ్వకండి.

సోదరీ! నికాహ్ మీకూ సున్నతే. మీరు అడగడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. విశ్వాసుల మాత హజ్రత్ ఖదీజా (రజి) తామే ఒక నమ్మకస్థురాలి ద్వారా దైవప్రవక్త (స)కు సంబంధం కలిపారు. మీరూ మీ మనసులోని మాట మీ అబ్బాకో, మామూకో, మస్జిద్ ఇమామ్ గారి ఇంటివారికో సూటిగా చెప్పండి. మీ కాలు గురించి చెప్పండి, మీ కుట్టుపని గురించీ చెప్పండి. సంబంధం వెంటనే దొరుకుతుందని మేము మాట ఇవ్వలేము. దొరకకపోయినా అల్లాహ్ దగ్గర మీ స్థానం తగ్గదు. కాని ఇకపై ఇంటికి అతిథులు వచ్చినప్పుడు పక్కింటికి వెళ్లకండి. అది మీ ఇల్లు. ఈ పత్రికను మీ అమ్మీకి చదివి వినిపించండి.

ఓ అల్లాహ్! మా ఇళ్లలో నీవు పరీక్షగా ఉంచిన దేహాలను గౌరవించే బుద్ధిని మాకు ప్రసాదించు. సంబంధాలలో సత్యం పలికే ధైర్యాన్ని ఇవ్వు. తోడు లేని మా సోదర సోదరీమణులకు కళ్లకు చలువనిచ్చే జీవిత సహచరులను అనుగ్రహించు. ఆమీన్.